ఎస్ పాసు దానయ్య

పాసు చేతికొచ్చిన రోజు మధ్యాహ్నం దానయ్య సింగపూరు కార్మిక మినిస్ట్రీ ఆఫీసు దగ్గరి బస్టాపులో కూర్చుని ఊరికి ఫోన్ చేశాడు. భార్య రాజకుమారి ఎత్తేసరికి అటు మిక్సీ తిరుగుతోంది, ఇటు ఒక బస్సు వచ్చి ఆగింది.

“పాసు మారింది,” అన్నాడు.

“ఏటి?”

“పాసు. వర్క్ పర్మిట్ తీసేసి స్పెషల్ పాసు ఇచ్చేరు.”

“ఎస్ పాసా?”

మిక్సీ ఆగింది. దానయ్య “కాదు” అనబోయేలోపే అవతల కేక వినిపించింది. “ఓలమ్మ! అమ్మా, ఇనపడిందేటే? మావకి ఎస్ పాసు ఇచ్చేరంట!” ఫోను అత్తగారు అప్పలమ్మ చేతిలోకి వెళ్ళింది. “నాయినా, ఇన్నాల్లకి నీ కట్టం గుర్తించినారు,” అందావిడ. తర్వాత మాట రాక ఏడ్చింది. ఏడుస్తున్న పెద్దమనిషికి అడ్డు చెప్పడం దానయ్యకు చేతకాలేదు. “సరే అత్తా,” అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది. అది అతను ఎక్కవలసిన బస్సే.

ఆ ఊళ్ళో పాసుల సంగతి అందరికీ తెలుసు. ఇంటికొకరు సింగపూరు షిప్‌యార్డుల్లో పనిచేసినవాళ్ళే. వర్క్ పర్మిట్ కూలివాడిది. దానిమీది మెట్టు ఎస్ పాసు. ఎస్ పాసు ఉన్నవాడు చేతిలో వాకీటాకీ పట్టుకుని తిరుగుతాడనీ, డార్మిటరీలో పదిమంది మధ్య పడుకోనక్కర్లేదనీ, కావాలంటే పెళ్ళాన్ని కూడా తెచ్చుకోవచ్చనీ ఊరి నమ్మకం. స్పెషల్ పాసు మాట మాత్రం ఎవరూ వినలేదు. అది తీసుకున్నవాళ్ళెవరూ ఊరికి వెళ్ళి దాని గురించి చెప్పుకోరు.

దానయ్యది సోంపేట అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. తండ్రి చిన్నతనంలోనే పోయాడు. పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో తల్లి పక్కన కూర్చుని పిక్కలు కొడుతూ పదో తరగతి దాకా చదివాడు. పరీక్ష తప్పాక విశాఖపట్నంలో ఓడల మరమ్మతు దగ్గర హెల్పరుగా చేరాడు. అక్కణ్ణుంచి ఏజెంటు ద్వారా సింగపూరు వచ్చి, జూరాంగ్ వైపు యార్డులో ఒక సబ్‌కాంట్రాక్టరు కింద కుదిరాడు. నెమ్మదస్తుడు, ఉన్నచోటు నుంచి కదలడు అని అతనికి హోల్ వాచ్‌మన్ పని ఇచ్చారు.

ఓడ అడుగున నీళ్ళు నింపే పెద్ద ట్యాంకులు ఉంటాయి. వాటిలోకి దిగడానికి మనిషి పట్టేంత గుండ్రటి కంత ఉంటుంది. లోపల తుప్పు గీకేవాళ్ళు, వెల్డింగు చేసేవాళ్ళు పని చేస్తున్నంతసేపూ ఆ కంత పక్కన ఒక మనిషి ఉండాలి. ఎవరు దిగారో ఎవరు ఎక్కారో చూసుకోవాలి. లోపలివాళ్ళను మధ్యమధ్య పిలుస్తూ ఉండాలి. పలక్కపోతే హారన్ కొట్టాలి. ఏం జరిగినా తను మాత్రం దిగకూడదు. పైన మనిషి లేకపోతే లోపల మనిషి లేనట్టేనని నేర్పించారు.

ఇదంతా ఒకసారి సెలవుకు వెళ్ళినప్పుడు అత్తవారింట్లో భోజనాల దగ్గర చెప్పాడు. తోడల్లుడు తిరుమల, రాజకుమారి చెల్లెలి భర్త, అంతా విని, “అంటే బొక్క కాడ కాపలా,” అని తేల్చాడు. తిరుమలకు కాశీబుగ్గలో ఆటో ఉంది. మాట చురుకు. “అన్నయ్యా, మరి ఎండ్రకాయలు పడతాయేటి?” అనడిగాడు. అందరూ నవ్వారు. రాజకుమారి కూడా కాస్త నవ్వి, మంచినీళ్ళు తెచ్చే నెపంతో లేచి వెళ్ళింది. దానయ్య ఆ నవ్వును మర్చిపోలేదు. తిరుమలది కాదు, ఆమెది.

అలాంటి మనిషికి స్పెషల్ పాసు ఎలా వచ్చిందంటే, ఒక శనివారం వల్ల వచ్చింది.

ట్యాంకులోకి దిగేముందు ప్రతి రోజూ లోపలి గాలి చూడాలి. గుప్పెట్లో పట్టే మిషన్ ఒకటి ఉంటుంది. తాడు కట్టి లోపలికి దింపి, అది మంచి గాలి అంటేనే మనుషులు దిగాలి. ఆ రోజు మిషన్ ఇంకో ఓడ దగ్గర ఉండిపోయింది. ఫోర్‌మన్ ఈశ్వరరావు కాకినాడ మనిషి. “నిన్న చూశాం కదండీ. గాలేమన్నా రాత్రికి రాత్రి పాచిపోద్దా? దిగండి, దిగండి,” అన్నాడు. దిగారు. కాసేపటికి దానయ్య పిలిస్తే ఇద్దరు పలికారు, మూడోవాడు పలకలేదు. అతని పేరు రమణ, అమలాపురం వైపు కుర్రాడు. దానయ్య హారన్ కొట్టాడు. రమణను పైకి లాగేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. బతికాడు. కంపెనీ వ్యానులో ఏదో క్లినిక్కుకు తీసుకెళ్ళి, సాయంత్రానికి డార్మిటరీలో పడుకోబెట్టారు.

ఈశ్వరరావు అందర్నీ పోగేసి మాట్లాడాడు. “మనోడు శనివారం ఒక్కపొద్దు. కడుపులో ఏం లేకుండా దిగేడు, కళ్ళు తిరిగేయి. ఎవరడిగినా ఇదే. ఇందులో అబద్ధం ఏవైనా ఉందా చెప్పండి?”

లేదు. రమణ నిజంగానే శనివారాలు ఒంటిపూట తింటాడు. వేంకటేశ్వరుడికి మొక్కు. అందుకే ఎవరికీ అబద్ధమాడినట్టు అనిపించలేదు. “కావాలంటే ఆ వెంకన్న మీదే ఒట్టేద్దాం,” అని ఒకడు నవ్వాడు. రమణ కూడా మంచం మీద పడుకుని, “మరి నేను ఒక్కపొద్దే కదన్నా,” అన్నాడు దానయ్యతో, అటు తిరిగి.

సోమవారం కూడా మిషన్ రాలేదు. అయినా మనుషుల్ని దింపారు; కంత పక్కన కూర్చున్న దానయ్య వాళ్ళను నిమిషానికోసారి పిలిచాడు. మధ్యాహ్నం అందరూ పైకెక్కాక టాయిలెట్లోకి వెళ్ళి మినిస్ట్రీకి ఫోన్ చేశాడు. ఆఫీసర్లు వచ్చి చూశారు, ప్రశ్నలు అడిగారు. ఎవరు ఫోన్ చేశారన్నది వాళ్ళు చెప్పలేదు. కానీ ఒక్కపొద్దు మాట అననివాడు ఒక్కడే కాబట్టి ఈశ్వరరావుకు వెతుక్కోవలసిన పని పడలేదు. పర్మిట్ రద్దయింది. సామాను సర్దుకోమన్నారు. చాంగీ ఎయిర్‌పోర్టు దాకా ఈశ్వరరావే దగ్గరుండి తీసుకెళ్ళాడు.

లిటిల్ ఇండియాలో దానయ్య తినే హోటలు గోడమీద పనివాళ్ళకు సాయం చేసే ఒక సంస్థ ఫోను నంబరు ఉండేది. వ్యానులోంచే గొంతు తగ్గించి వాళ్ళతో మాట్లాడాడు. పాస్‌పోర్టు చూసే కౌంటరు దగ్గర నాకు కేసుందని చెప్పు, వాళ్ళే ఆపుతారు అన్నారు. అతను వరసలో నిలబడి ఆ నాలుగు ముక్కలు వల్లెవేసుకున్నాడు. కౌంటరులో తలకు ముసుగు కట్టుకున్న మలయ్ ఆఫీసరమ్మ. “ఎంఓఎం కేస్. ఐ నో గో,” అన్నాడు, మినిస్ట్రీని అక్కడ పిలిచే పేరుతో. ఆమె అతని మొహంలోకి చూసి, ఫోనులో ఎవరితోనో మాట్లాడి, పక్కనున్న కుర్చీలో కూర్చోమంది.

సంస్థవాళ్ళు తర్వాత అన్నారు, అక్కడ నువ్వు గెలిచావని. దానయ్యకు అలా అనిపించలేదు. సెలవులకు ఊరు వెళుతున్న ఒక తెలుగు కుటుంబం అతని ముందునుంచి పోతూ ఉంటే, చిన్నపిల్ల ఆగి అతన్ని చూసింది. తల్లి ఆ పిల్ల చెయ్యి పట్టి గబగబా లాక్కుపోయింది. అతనికి గుర్తుండిపోయింది అది.

విచారణ అయ్యేదాకా సాక్షిగా దేశంలో ఉండనిచ్చేదే స్పెషల్ పాసు. ఎవరూ విమానం ఎక్కించలేరు. పని మాత్రం చెయ్యకూడదు. అనుమతి కోసం సంస్థవాళ్ళు రాశారు, ఇంకా రాలేదు. గడువు ముగిసినప్పుడల్లా వెళ్ళి పొడిగించుకోవాలి. పొడిగించే చోట ఒకసారి అతని పక్కన కూర్చున్నవాడు దొంగసిగరెట్లతో దొరికినవాడు. వాడి చేతిలోనూ అదే పాసు. “బ్రదర్, నువ్వేం చేశావ్?” అనడిగాడు వాడు తమిళంలో, తోటివాణ్ణి అడిగినట్టు. దానయ్య ఏమీ చెయ్యలేదనబోయి, ఆ మాట అక్కడ అందరూ చెప్పేదేనని తోచి ఊరుకున్నాడు.

ఊళ్ళో ఎస్ పాసు మాట పాకిపోయింది. జీతం ఆలస్యమేమని రాజకుమారి అడిగితే, “కొత్త పోస్టుకి ట్రైనింగు,” అన్నాడు. “ఎస్ పాసోల్లు పెల్లాల్ని తెచ్చుకుంతారంట కదా?” అని అడిగితే, “సూద్దాం,” అన్నాడు. “ఇంకా ఆ యార్డు నీలం డ్రస్సేనేటి? కాలరు సొక్కా ఇవ్వనేదా?” అని వీడియో కాల్లో చూసి అడిగినప్పుడు మాత్రం వెంటనే జవాబు దొరకలేదు.

ఆదివారాలు లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద ఊరివాళ్ళు ఎదురుపడతారు. అందుకని ఆ ఒక్క రోజు, సంస్థవాళ్ళు తలదాచుకోనిచ్చిన షెల్టరు వదిలి రైలెక్కి తంజోంగ్ పగార్ పోయేవాడు. అక్కడ ఆఫీసులన్నీ మూసి ఉంటాయి. అద్దాల మేడల కింద గచ్చుమీద చల్లగా ఉంటుంది, తెలిసిన మొహం కనబడదు. షెల్టరులో ఎవరో దానంగా ఇచ్చిన బట్టల్లో లేతనీలం కాలరు చొక్కా ఒకటి అతనికి సరిపోయింది. ఒక ఆదివారం అది తొడుక్కుని, ఒక మేడ గుమ్మం ముందు నిలబడి, దారినపోతున్న ఒక చైనా పెద్దాయన్ను బతిమాలి ఫొటో తీయించుకున్నాడు. భార్యకు పంపాడు. ఇది నా ఆఫీసు అని రాయలేదు. ఏమీ రాయలేదు. ఆమె ఆ ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. కూతురు దీక్షిత బడిలో మాస్టారికి కూడా చూపించిందట.

ఆ వారమే తిరుమల ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, నమస్కారం.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో తిరుమల అతనికి నమస్కారం చెప్పలేదు. దానయ్య షెల్టరు మేడమెట్ల మీద కూర్చున్నాడు.

“ఫొటో సూసేను. మా స్టాండులో అందరికీ సూపించేను. మా అన్నయ్య, ఎస్ పాసు దానయ్య అని. ఒకలు నమ్మరు. ఆ బొక్క కాడ మనిసేనా అంతారు. నోరు ముయ్యండెహె, మనిసికి టైమొస్తాది అన్నాను.”

దానయ్యకు మొహం వెచ్చబడింది. అందులో సిగ్గెంతో సంతోషమెంతో అతనికే తెలియలేదు. తిరుమల తనను వెనకేసుకొస్తున్నాడు. ఇంకాస్త మాట్లాడితే బాగుండుననిపించింది.

“అన్నయ్యా, నాను కూడా వచ్చేత్తన్నాను,” అన్నాడు తిరుమల. “నిన్నంపిన ఏజెంటు దగ్గిరికే ఎల్లేను. మా అన్నయ్య కంపెనీకే పంపు, ఇంకోటి వద్దన్నాను. నీ పోస్టే కాళీగా ఉందంట! నువ్వు పైకెల్లిపోనావు కదా మరి. బొక్క కాడ కాపలా ఇంక నాదే.” పెద్దగా నవ్వాడు. “ఎండ్రకాయలు నానే పట్టుకుంతాను.”

దానయ్య మెట్టు మీంచి లేచి నిలబడ్డాడు. “ఆ పని నీకెందుకురా. ఎండ. నువ్వుండలేవు.”

“ఆటోలో ఏసీ ఉందేటి నాకు?”

“అది కాదు. ఆ కంపెనీ మంచిది కాదు.”

“నీకు ఎస్ పాసిచ్చిన కంపెనీ మంచిది కాదా?”

“ఎండరా అక్కడ,” అన్నాడు దానయ్య మళ్ళీ. తిరుమల గొంతులో నవ్వు పోయింది. “సర్లే అన్నయ్యా. నువ్వు కుర్సీలో కూకున్నావు. ఇంకోడొచ్చి పక్కన నిలబడితే నీకు బాగోదు. అర్దమైంది,” అని పెట్టేశాడు.

మర్నాడు రాజకుమారి ఫోన్ చేసింది. “ఆడు రావడం నీకిస్టం నేదంట కదా? సెల్లి ఏడుత్తంది. మాయాయన మీద కుల్లు బావకి అంతంది. నాకు తలెత్తుకోడానికి నేదు. నువ్వెప్పుడూ ఇలగుండేవోడివి కాదు, ఎస్ పాసొచ్చేక మారిపోనావు.”

“రాజీ, ఆ కంపెనీ...”

“మాటాడకు. ఎవులి బతుకు ఆల్లది, రానీ.”

ఆమె పెట్టేశాక కూడా దానయ్య ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాడు. నిజం చెప్పడానికి అది మంచి సమయమే. ఆమె ఫోను పెట్టేశాక అన్ని సమయాలూ మంచివిగానే కనబడేవి.

కేసు మాటలు తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చిపెట్టే లీలావతి సంస్థలో జీతం లేకుండా పనిచేస్తుంది. బ్యాంకు ఉద్యోగి, గుంటూరు మనిషి. ఇల్లు ఆంగ్ మో కియోలో. ఆ శనివారం కూతురు నందితను ట్యూషన్‌కు దింపాల్సి ఉండడంతో, దానయ్యను తన ఫ్లాటు కింది తిండికొట్ల హాకర్ సెంటరుకే రమ్మంది. వచ్చే వారం మినిస్ట్రీలో మళ్ళీ చెప్పవలసిన సంగతులు ఒకసారి వరసగా చెప్పించుకుంది. గాలి మిషన్ ఎక్కడుంది, దిగమన్నది ఎవరు, రమణ ఎంతసేపు పలకలేదు. దానయ్య అన్నీ తడుముకోకుండా చెప్పాడు. ఆ విషయంలో అతనికి తడబాటు లేదు.

నందిత అన్నం పళ్ళెంలో చెంచా తిప్పుతూ బల్ల మీదున్న అతని ఫోను వైపు చూసింది. వాల్‌పేపరు మీద ఆ ఫొటో ఉంది. రాజకుమారి పెట్టుకోమంటే పెట్టుకున్నాడు.

“నైస్ పిక్చర్, అంకుల్. యు వర్క్ దేర్ ఆ?”

“యస్,” అన్నాడు దానయ్య.

ఎందుకన్నాడో తెలియదు. ఆ పిల్లకు అబద్ధం చెప్పి అతనికి ఒరిగేది ఏమీ లేదు. లీలావతి కాఫీ కప్పు పైకెత్తిన చెయ్యి అలాగే ఉంచి అతన్ని చూసింది. నందిత, “అమ్మా, హర్రీ లా, ఐ విల్ బి లేట్,” అంటూ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది.

“దానయ్యగారూ, మీరు ఎక్కడన్నా పనికి వెళ్తున్నారా? వెళ్తే చెప్పండి. పాస్ మీద పనిచేశారని తెలిస్తే మొత్తం కేస్ పాడైపోతుంది. రక్షణ ఇచ్చేది ఆ పాసే కదా.”

“నేదు మేడం. ఎల్లడం నేదు.”

“మరి?”

అప్పుడు చెప్పాడు. మిక్సీ సంగతీ, బస్సు సంగతీ, ఎస్ అనే అక్షరం సంగతీ. లీలావతికి నవ్వొచ్చింది, ఆపుకోబోయింది, కొంచెం బయటపడింది. “సారీ అండీ,” అంది. “అసలు సిగ్గుపడాల్సింది మీరు కాదు. మీరు చేసింది చాలామంది చెయ్యలేని పని.”

“మీరు బాగానే సెప్తారు మేడం. నాను మా ఊరెల్లాల కదా.”

అతను తిరుమల సంగతి చెప్పాడు. ఆమె కప్పు కింద పెట్టింది.

“అదే కంపెనీయా? అదే పనా?”

“నా పనే.”

“మరి ఆయన పైనే కూర్చుంటాడు కదా. ట్యాంకులోకి దిగేది వేరేవాళ్ళు.”

“మేడం, ఆడు కూకునేవోడు కాదు.” దానయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. “ఎవలిదో మేక గెడ్డలో కొట్టుకుపోతంటే ఆటో ఆపేసి దూకినోడు ఆడు. ఈత కూడా రాదు. లోపల మనిసి పలక్కపోతే హారన్ కొట్టడు, దూకేత్తాడు. నాను ఇన్నేల్లు నేర్సుకున్నోన్ని. ఆ రోజు నాను కూడా రెండు కాల్లూ కంతలో ఎట్టేసేను. హారన్ మీద సెయ్యుండబట్టి ఆగేను. ఇది ఎవులికీ సెప్పనేదు. మినిస్ట్రీలో కూడా.”

“ఆయన నంబర్ ఇవ్వండి. నేను మాట్లాడతాను,” అంది లీలావతి.

అదే మంచిదనిపించింది. ఆమె చెబితే మర్యాదగా ఉంటుంది. బ్యాంకు మేడం, ఇంగ్లీషు కలిపి, మీ అన్నయ్య గొప్ప పని చేశారండీ అని మొదలుపెడుతుంది. తిరుమల “అలాగే మేడం” అంటాడు. అతను నంబరు చెప్పాడు, ఆమె నొక్కింది. పేరు అడిగింది. “తిరుమల,” అన్నాడు. ఆమె ఆకుపచ్చ బొమ్మ మీద వేలు పెట్టబోతుంటే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దు మేడం. మీరు సెప్తే ఆడు నమ్మడు. ఎస్ పాసు అన్నయ్య కుల్లుతో ఎవలో ఆడమనిసి చేత అబద్దం ఆడిత్తన్నాడు అనుకుంతాడు. నానే సెప్తాను.”

ఆమె ఫోను పక్కన పెట్టింది. నందిత వచ్చి బ్యాగు తగిలించుకుంది. వాళ్ళిద్దరూ వెళ్ళాక దానయ్య ఫ్లాట్ల కింద బెంచీ చూసుకుని కూర్చున్నాడు. సాయంత్రం షెల్టరు నుంచి చేద్దామనుకుని, సాయంత్రమైతే చెయ్యనని తెలిసి, అక్కడే చేశాడు.

“అన్నయ్యా!” తిరుమల గొంతు గోలలోంచి వచ్చింది. ఆటోల హారన్లు, టీ గ్లాసుల చప్పుడు. కోపం పోయినట్టుంది. “నాకు తెలుసు నువ్వు సేత్తావని. టిక్కెట్టు వచ్చేసింది.”

“తిరుమలా, ఒక మాట. స్పీకరు పెట్టేవేటి?”

“పెట్టేను. అందరూ మనోల్లే. నీ గొంతినాలంట.”

“ఎస్ పాసు బావూ!” ఎవరో అరిచారు. “మాకూ ఓ పాసు పడెయ్యండి బావూ!”

“పాసు కాదురా, ముందు ఆ సొక్కా అడుగు,” అన్నాడు ఇంకొకడు. నవ్వులు.

“స్పీకరు ఆపరా.”

“పర్లేదన్నయ్యా, సెప్పు.”

“ఆపమంతన్నాను.”

“అబ్బ, ఎస్ పాసోల్లకి కోపం కూడా ఇంగ్లీసులోనే వత్తాదేటి? సెప్పెహె!”

ఫోను పెట్టేయవచ్చు. ఈసారి పెట్టేస్తే తిరుమల విమానం దిగాకే మళ్ళీ మాట్లాడతాడు. దానయ్య కళ్ళు మూసుకున్నాడు.

“నాకు ఎస్ పాసు రానేదు.”

“ఆఁ?”

“ఎస్ పాసు కాదది. స్పెషల్ పాసు. కంపెనీ నన్ను గెంటేసింది. కేసు నడుస్తంది. తీర్పయ్యేదాకా ఈ దేశంలో ఉండమని ఇచ్చిన పాసు అది. నాకు పని నేదు. ఎవలో పెడితే తింతన్నాను. ఆ ఫొటోలో మేడ నాది కాదు. సొక్కా కూడా నాది కాదు.”

నవ్వులు ఒక్కసారిగా ఆగలేదు. ఒకరి తర్వాత ఒకరిది ఆగింది. “ఏటంతన్నాడు?” అన్నారెవరో. “ఊరుకో,” అన్నారింకెవరో.

“నువ్వా కంపెనీకి రాకు,” అన్నాడు దానయ్య. “గాలి సూడకుండా మనుసుల్ని దింపేరు. ఒకడు సచ్చిపోబోయేడు. ఒక్కపొద్దుండి కల్లు తిరిగి పడిపోనాడని సెప్పమన్నారు. నాను సెప్పనన్నాను. అందుకే నన్ను తీసేసినారు. నువ్వక్కడ కూకోలేవు తిరుమలా. నువ్వు లోపలికి దూకేత్తావు. ఇద్దరూ పోతారు.”

టక్కుమని చప్పుడై గోల ఆగిపోయింది. స్పీకరు ఆపాడు. ఇప్పుడు తిరుమల ఊపిరి కూడా వినబడుతోంది. నడుస్తున్నాడు.

“ఈ మాట మొన్న సెప్పొచ్చు కదా,” అన్నాడు. “మొన్న ఒక్కన్నే ఉన్నాను.”

“మొన్న సెప్పలేకపోనాను.”

“ఆ పడిపోనోడు ఉన్నాడా?”

“ఉన్నాడు. అక్కడే పని సేత్తన్నాడు.”

“మరి ఆడు సెప్పడా?”

“ఆడు కూడా ఒక్కపొద్దనే సెప్పేడు.”

“ఆటో అమ్మకానికి బేరం అయిపోనాది అన్నయ్యా,” అన్నాడు. “రేపు బండి ఇచ్చీమన్నారు. ఏటి సెప్పి ఎనక్కి తీసుకోవాల?”

“నా పేరు సెప్పు. మా అన్నయ్య మోసం సేసేడని సెప్పు.”

“నీ పేరు ఇంక నాను సెప్పక్కర్లేదు,” అన్నాడు తిరుమల. “అందరూ ఇన్నారు.” ఫోను పెట్టేశాడు.

ఫ్లాట్ల మధ్య బట్టలారేసిన గడలు కిటికీల్లోంచి బయటకు చాపి ఉన్నాయి. ఒక ముసలామె నీడలో కూర్చుని తన పాటికి తను కూర తరుగుతోంది. దానయ్య లేచి నిలబడి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. ఆటోస్టాండు నుంచి మాట ఊరు చేరడానికి ఎంతసేపు పడుతుందో అనుకుంటుండగానే ఫోను మోగింది. రాజకుమారి. ఆగేదాకా చూశాడు. మళ్ళీ మోగింది. ఎత్తాడు.

“స్టాండులో సెప్పినావంట.” ఆమె గొంతు మామూలుగా ఉంది. అతను భయపడ్డది ఆ మామూలుతనానికే.

“ఊఁ.”

“నాకు సెప్పకుండా ఆటోస్టాండులో సెప్పినావు. నాను ఇంటింటికీ ఎల్లి ఎస్ పాసు ఎస్ పాసని సెప్పుకుంతంటే నీకు నవ్వొచ్చిందేటి?”

“నేదు.”

“మరేటొచ్చింది?”

దానయ్య బెంచీ కింద తన చెప్పులు చూసుకున్నాడు. “సిగ్గేసింది,” అన్నాడు. “అయినా నువ్వలగ సెప్పుకుంతే ఇనాలనిపించింది.”

అటు గదిలో అత్తగారు ఎవరినో కేకలేస్తున్న ధ్వని లీలగా వస్తోంది.

“సెల్లి ఫోను సేసింది,” అంది రాజకుమారి. “ఆటో ఇవ్వనని బేరగాడికి సెప్పడానికి ఎల్లేడంట ఆయన. అది ఒకటే ఏడుపు. అప్పా, నీకు తెలుసా తెల్దా, ఒట్టేసి సెప్పు అంది. నానేటన్నానో తెలుసా?”

“ఏటన్నావు?”

“తెలుసన్నాను. మొదట్నించీ నాకన్నీ సెప్పేడన్నాను. కేసులో ఉన్నోడు కాబట్టి బయటికి సెప్పకూడదు, అందుకే ఎస్ పాసు అని సెప్పుకొచ్చేను అన్నాను.”

“రాజీ...”

“నీ కోసం కాదు. మొగుడు పెల్లానికి కూడా సెప్పుకోలేదని ఊరంతా అనుకుంతే నాను బతకలేను.” ఆమె ముక్కు చీదుకుంది. సర్దుకుంది. “సాయంత్రం అది ఇక్కడికి వత్తంది. అడుగుతాది. అన్నీ అడుగుతాది. నాకు మొదట్నించీ తెలిసినట్టుండాల. అంతా సెప్పు.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. ఎవులు, ఎక్కడ, ఏటన్నారు, నువ్వేటన్నావు. ఒక్కటి దాసినా నాకు తెలిసిపోతాది.”

అవతల తలుపు మూసి గడియ పెట్టిన చప్పుడైంది. దానయ్య ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.